‘హావక్’: ఒక యుద్ధకేక కథ

ఆరోగ్య విషయాలను ఆంగ్లంలో చదివేవారికి ‘రీక్ హావక్’ అనే పదబంధం తరచుగా ఎదురవుతుంది. తీవ్రమైన విధ్వంసం కలిగించడమని దాని అర్థం. చాలామంది దీనిని ‘రెక్ హావక్’ అని పలుకుతారు, అలాగే రాస్తారు. అది పొరపాటు. ఎందుకో తెలియాలంటే కొంత చరిత్ర తెలుసుకోవాలి.

‘హావక్’ మొదట ఒక యుద్ధకేక. ఫ్రెంచి నుండి ఆంగ్లంలోకి వచ్చింది. మధ్యయుగపు సేనలో ఆ కేక వినిపించిందంటే, ఇక దోచుకోవచ్చునని సైనికులకు అనుమతి లభించినట్లే. గెలుపు ఖాయం కాకముందే ఎవరైనా ఆ కేక వేస్తే సేన కట్టుతప్పే ప్రమాదం ఉండేది. అందుకే 1385లో స్కాట్లండుపై దండెత్తిన ఇంగ్లండు రాజు రెండవ రిచర్డు, ఆ కేక వేసినవారికి శిరచ్ఛేదమని యుద్ధశాసనం చేశాడు. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ నాటకంలో ఆంటోనీ నోట ఇదే కేకను పలికించాడు. కాలక్రమంలో దోపిడీ అర్థం మరుగునపడి, విధ్వంసమనే అర్థం మిగిలింది.

‘రీక్’ ప్రాచీన ఆంగ్ల క్రియ. పగ తీర్చుకోవడం, హాని కలిగించడం దాని అర్థాలు. ‘రెక్’ అంటే ధ్వంసం చేయడం. కనుక ‘రెక్ హావక్’ అన్నామంటే, విధ్వంసాన్నే ధ్వంసం చేశామన్నమాట! భూతకాలంలో ‘రీక్డ్’ అనాలి. ‘వర్క్’ అనే క్రియకు పాత భూతకాల రూపమైన ‘రాట్’ కూడా ఈ సందర్భంలో ఆమోదయోగ్యమే.

వైద్యంలో ఈ మాటకు చక్కగా తగిన స్థితి సెప్సిస్. సూక్ష్మక్రిములతో పోరాడవలసిన రోగనిరోధక స్పందన అదుపు తప్పి, మన మూత్రపిండాలను, ఊపిరితిత్తులను, ఇతర అవయవాలను దెబ్బతీస్తుంది. కాపాడవలసిన సేనే కట్టుతప్పి సొంత ఊరిని దోచుకున్నట్లు ఉంటుంది. అక్కడ ‘హావక్’ అతిశయోక్తి కాదు.

అయితే రక్తపోటు మాత్ర వల్ల కలిగే పొడిదగ్గుకో, కాళ్ళ వాపుకో ఇదే మాట వాడితే ఏమవుతుంది? చదివినవారు బెదిరి మాత్ర మానేస్తారు. అదుపు తప్పిన రక్తపోటు పక్షవాతానికి దారితీయవచ్చు. ఆ దగ్గును, వాపును వైద్యునికి చెబితే మందు మార్చే వీలుంటుంది.

కనుక ఎక్కడైనా ఈ పదబంధం కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. ఏ అవయవానికి, ఎంత హాని, ఎంతమందిలో అని అడగండి. సమాధానం లేని చోట ఆ కేక విని పరుగెత్తకండి. వైద్యుని సంప్రదించకుండా మందు మానకండి.