మెచ్చే హక్కు ఎవరిది?

షోలాపూర్ తూర్పు పేటల్లో పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్య ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనికీ మిల్లు పనికీ తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీల ఇళ్లవి. గడప దాటితే మరాఠీ, లోపల తెలుగు. వాళ్ల కులవృత్తే కథగా 2019లో ‘మల్లేశం’ సినిమా వచ్చింది. నేతకు ముందు నూలు చుట్టే ఆసు పోసీ పోసీ అమ్మ భుజాలు పడిపోవడం చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం యంత్రమే తయారుచేశాడు. రాజ్ రాచకొండ దర్శకుడు, ప్రియదర్శి కథానాయకుడు. వసూళ్ల హోరు లేని సినిమా. అయినా 2020లో మన దేశపు సినీ విమర్శకుల సంఘమైన ఫిల్మ్ క్రిటిక్స్ గిల్డ్ తెలుగులో ఉత్తమ చిత్రంగా దాన్నే ఎంచింది.

విమర్శకులు గుంపుకట్టి ఏటా బహుమతులివ్వడం కొత్త సంగతేం కాదు. న్యూయార్క్ పత్రికల సినిమా విమర్శకులు 1935లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. ముందుపడి అందరినీ కూడగట్టింది డైలీ న్యూస్ విమర్శకురాలు వాండా హేల్. అప్పటికే ఆస్కార్లున్నాయి కానీ అవి హాలీవుడ్ వాళ్లు హాలీవుడ్ వాళ్లకే ఇచ్చుకునేవి. నేసినవాడే తన చీరకు వంక లేదని ముద్ర వేసుకుంటే ఎలా? పోగు పట్టి చూసేవాడు వేరే ఉండాలి. మొదటి ఏడే తేడా బయటపడింది. విమర్శకులు ‘ది ఇన్ఫార్మర్’ అన్నారు, ఆస్కార్లిచ్చే అకాడెమీ ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’ అంది. దర్శకుడి విషయంలో మాత్రం ఇద్దరూ జాన్ ఫోర్డ్‌కే ఓటేశారు కాబట్టి, ఇదంతా ఉత్త పంతమని కొట్టేయలేం. 1941లో ‘సిటిజెన్ కేన్’ను ఉత్తమ చిత్రమన్నదీ ఈ సంఘమే. అకాడెమీ అనలేదు. ఎవరి చూపు పదునో కాలమే తేల్చిందని నా లెక్క.

మన దేశంలో ఈ దారి తొక్కింది బెంగాలీలు. కలకత్తాలో సినీ పాత్రికేయుల సంఘం 1937లో ఏర్పడింది. ఫిల్మ్‌ఫేర్, జాతీయ అవార్డులు రెండూ 1954 నాటివి. మనకు 1964 నుంచి ప్రభుత్వం వారి నందులుండేవి. వాటికోసం ఎదురుచూసినట్టు తెలుగువాళ్లు విమర్శకుల మాట కోసం ఎన్నడూ ఎదురుచూడలేదు. ‘మల్లేశం’ను ఎంచిన గిల్డ్ 2019లో కథాచిత్రాలకు అవార్డులు మొదలుపెట్టినప్పుడు తెలుగు, మరాఠీ సహా ఎనిమిది భాషలు తీసుకుంది.

ఇక 2022 డిసెంబరులో ఆ న్యూయార్క్ సంఘమే ‘ఆర్ఆర్ఆర్’కు రాజమౌళిని ఉత్తమ దర్శకుడిగా ఎన్నుకుంది. పరభాషా చిత్రాల గడిలో కాదు, అందరితో కలిపి. అకాడెమీ ఆ ఏడు ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ ఇచ్చింది గానీ, దర్శకుల నామినేషన్లలో ఆయన పేరు లేదు.