మామిడిని మాగించే వాయువు, మంచును పుట్టించే వాయువు

నూజివీడు రసాలకు ఆయుష్షు తక్కువ. చెట్టు దిగిన చిన్నరసం గడ్డిలో మాగి, తొడిమ దగ్గర మెత్తబడి, ఇల్లంతా వాసన కమ్ముకున్న నాటికి దానికి మిగిలేవి రెండు మూడు రోజులే. బంగినపల్లి పెట్టెలలో కూర్చుని దూరదేశాలకు పోగలదు. రసం మాత్రం పుట్టిన ఊరిలోనే పిసికి జుర్రుకోవలసిన పండు. ఒకప్పటి జమీందారీ సంస్థానం, 2022 దాకా కృష్ణా జిల్లాలోను ఆపైన ఏలూరు జిల్లాలోను చేరిన ఈ నూజివీడు ప్రాంతంలో పుట్టినవారికి వేసవి ముగియడమంటే రసాలు ముగియడమే.

ఆ ముగింపును వాయిదా వేయాలని మా బాబాయి కొడుకుకు ఒక వేసవిలో కోరిక పుట్టింది. అతడు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసేవాడు. రసాల గుజ్జును సంక్రాంతి దాకా రుచి చెడకుండా నిలపాలన్నది అతని సంకల్పం. ఇంటి ఫ్రీజరు సున్నకు దిగువన 18 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అక్కడ గుజ్జు నెమ్మదిగా గడ్డకడుతుంది. నెమ్మదిగా కట్టిన మంచుకు పలుకులు పెద్దవి. అవి పండులోని కణాల గోడలను చీల్చివేస్తాయి. కరిగించినప్పుడు నీరు ఒక పక్కకు, పీచు ఒక పక్కకు చేరుతాయి. అదే సున్నకు దిగువన 70, 80 డిగ్రీల చలిలో పలుచని పళ్ళెంలో గడ్డకట్టిస్తే పలుకులు చిన్నవై గుజ్జు గుజ్జుగానే ఉంటుంది. అందుకని రెండు పాత కంప్రెసర్లు సంపాదించి వసారాలో పెట్టుకున్నాడు.

"అన్నయ్యా, నువ్వు పుస్తకాలు తిరగేసేవాడివి గదా. వీటిలో ఏ గ్యాసు నింపమంటావు?" అని అడిగాడు.

ఒక పట్టిక చూసి చెప్పేయవచ్చుననుకున్నాను. తీరా చూస్తే ఆ ప్రశ్నకు రెండువందల ఏళ్ళ చరిత్ర ఉన్నది. అందులో మా తాతయ్య కన్ను కూడా ఉన్నది.

మట్టికుండలో నీరు చల్లబడే కిటుకే ఫ్రిజ్‌లోనూ ఉన్నది. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని అది తన చుట్టూ ఉన్నదానినుంచి లాక్కుంటుంది. కుండ నుంచి పోయిన ఆవిరి మళ్ళీ రాదు. యంత్రం మాత్రం ఆ ఆవిరిని పట్టి, నొక్కి, తిరిగి ద్రవం చేసి మళ్ళీ వాడుకుంటుంది. 1834లో జేకబ్ పెర్కిన్స్ లండనులో ఈథరుతో ఇటువంటి యంత్రానికి పేటెంటు పొందాడు. మన చెన్నపట్నానికి అప్పటికింకా యంత్రపు మంచు తెలియదు. 1833లో అమెరికా నుంచి ఓడలో కలకత్తాకు మంచుగడ్డలు తెచ్చిన ఫ్రెడరిక్ ట్యూడర్ వ్యాపారమే మదరాసుకూ విస్తరించి, సముద్రతీరాన ఐస్ హౌస్ కట్టించింది. నేడు దానిని వివేకానందుని పేరిట పిలుస్తున్నారు. యంత్రాలు నిలదొక్కుకున్నాక ఆ ఓడల మంచుకు కాలం చెల్లింది.

ఈథరు సులభంగా అంటుకుంటుంది. 1870ల మధ్యలో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే అమోనియాను ఎంచుకున్నాడు. అది సున్నకు దిగువన 33 డిగ్రీల వద్ద మరుగుతుంది, చవక, వేడిని బాగా మోస్తుంది. నేటికీ ఐసు ఫ్యాక్టరీలు, పెద్ద శీతల గిడ్డంగులు దానినే నమ్ముకొని ఉన్నాయి.

మా తాతయ్య అటువంటి ఒక ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఒకనాడు గొట్టం బిగింపు వదలి అమోనియా ముఖానికి కొట్టింది. నీళ్ళ తొట్టిలో తల ముంచి బతికాడు గాని ఎడమకన్ను తెల్లబడిపోయింది. చిత్రమేమిటంటే ఆయన ఆ వాయువును ఏనాడూ తిట్టలేదు. "అది కేకేసి మరీ వస్తుందిరా. ముక్కు ముందే చెప్పింది. నేనే ఇంకో మర తిప్పి వెళదామని ఆగాను" అనేవాడు. ఆ మాట చిన్నతనంలో నాకు అర్థం కాలేదు.

ఇక తమ్ముడికి కావలసిన ఘోరమైన చలి సంగతి. ఒకే యంత్రంతో అంత లోతుకు దిగడం ఎందుకు కష్టమో నూజివీడు ఎండలో నిలబడి ఆలోచిస్తే తెలుస్తుంది. బాగా తక్కువ వేడిమి వద్ద మరిగే వాయువును తిరిగి ద్రవం చేయాలంటే నొక్కితే చాలదు. ప్రతి వాయువుకూ ఒక హద్దు వేడిమి ఉంటుందని, అది దాటితే ఎంత ఒత్తినా ద్రవం కాదని 1869లో థామస్ ఆండ్రూస్ వెల్లడించాడు. బొగ్గుపులుసు వాయువుకు ఆ హద్దు 31 డిగ్రీలు. ఎథిలీనుకు 9 డిగ్రీలే. నూజివీడులో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. కనుక ఒక వాయువుతో మరొకదానిని చల్లార్చి, దానితో ఇంకొకదానిని చల్లార్చాలి. మెట్లబావిలో దిగినట్లు మెట్టు మెట్టుగా దిగాలి. మొదటి మెట్టు మీద నిలిస్తేగాని రెండవది అందదు.

1877లో జెనీవాలో రౌల్ పిక్టే గంధకపు వాయువుతో బొగ్గుపులుసు వాయువును, దానితో ప్రాణవాయువును చల్లార్చి, ప్రాణవాయువు ద్రవమైన జాడ చూపాడు. 1883లో పోలండులోని క్రాకోలో వ్రోబ్లెవ్‌స్కీ, ఓల్జెవ్‌స్కీ అనే ఇద్దరు ఎథిలీనును తక్కువ పీడనంలో మరిగించి, ద్రవ ప్రాణవాయువును గొట్టంలో నిలకడగా నిలిపారు. హాలండులోని లైడెనులో కామర్లింగ్ ఓనెస్ 1890లలో మిథైల్ క్లోరైడు, ఎథిలీను, ప్రాణవాయువు అనే మెట్లు కట్టి దిగాడు. 1908లో హీలియమును సైతం ద్రవం చేసి, సున్నకు దిగువన 269 డిగ్రీలను ముట్టాడు.

ఎథిలీన్ పేరు చూడగానే నేను ఆగిపోయాను. అది మనకు పరాయిది కాదు. గడ్డిలో కప్పిన కాయ తనంతట తాను విడిచే వాయువు అదే. దాని పక్క కాయ మాగడానికీ అదే కారణం. 1901లో రష్యాలో నెల్యుబోవ్ వీధిదీపాల గ్యాసులో మొక్కలను వంకర తిప్పుతున్నది ఎథిలీనేనని కనిపెట్టాడు. 1934లో ఇంగ్లండులో గేన్ పండే ఆపిలు దానిని స్వయంగా తయారుచేస్తుందని నిరూపించాడు. వ్యాపారులు కార్బైడు పొట్లాలతో పుట్టించే ఎసిటిలీను దానికి నకలు మాత్రమే. పైగా దానివెంట ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు వస్తాయి గనుక కార్బైడు నిషిద్ధం. మాగబెట్టే గదులలో గాలి పదిలక్షల పాళ్ళకు 100 పాళ్ళు మించకుండా ఎథిలీను వాడుకోవచ్చునని 2016లో ఆహార భద్రతా సంస్థ అనుమతించింది. అంత పలుచన చేస్తే అది పండ్లకు దాది. గాలిలో నూటికి మూడు పాళ్ళకు చేరితే నిప్పురవ్వకోసం ఎదురుచూసే మందుగుండు. సున్నకు దిగువన 104 డిగ్రీల వద్ద మరిగే ఆ ద్రవమే చలిబావికి రెండవ మెట్టు.

అంటుకునే వాయువులపై భయం శాస్త్రజ్ఞుల ఇరుగుపొరుగులకూ కలిగింది. లైడెనులో 1807లో ఊరి కాలువలో మందుగుండు ఓడ పేలి ఎన్నో ఇళ్ళు నేలమట్టమైనాయి. ఆ శిథిలాల చోటనే ప్రయోగశాల వెలసింది. అక్కడ ఒత్తిడిలో బంధించిన వాయువులున్నాయని 1895లో తెలిసి పురపాలకులు అభ్యంతరం చెప్పారు. ఓనెస్ చలి పని సుమారు మూడేళ్ళు ఆగిపోయింది. మొదట చదివినప్పుడు అది మూఢత్వమనిపించింది. తరువాత తాతయ్య కన్ను గుర్తుకు వచ్చింది.

ఇళ్ళలోకి ఫ్రిజ్ వచ్చాక ఈ భయం వంటగదిలోకి వచ్చింది. 1920లలో అందులో ఉండేవి గంధకపు వాయువు, మిథైల్ క్లోరైడు, అమోనియా. బెర్లినులో ఒక కుటుంబం కారిన ఫ్రిజ్ వాయువుకు బలైందని చదివి కలతపడి, ఐన్‌స్టీన్, లియో సిలార్డ్ కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్‌లకు రూపకల్పన చేశారు. వారి నమూనాలు బజారుకెక్కకముందే 1928లో థామస్ మిడ్‌గ్లీ బృందం ఫ్రియాన్‌ను తెచ్చింది. మంట లేదు, వాసన లేదు, విషం లేదు. 1930లో మిడ్‌గ్లీ సభలో దానిని గుండెల నిండా పీల్చి, వదిలి, కొవ్వొత్తిని ఆర్పి చూపాడు. లోకం నమ్మింది. లోతైన చలికి కూడా ఆ కుటుంబం నుంచే ఆర్-13 వచ్చింది.

అది ఎవరినీ కేక వేయలేదు. నిశ్శబ్దంగా పైకి పోయింది. 1974లో రోలాండ్, మొలినా ఇద్దరూ ఆ వాయువులు ఓజోను పొరను తినివేస్తాయని హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోను తరిగిపోవడం బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారతదేశం అందులో చేరింది. ఆర్-12, ఆర్-13 సెలవు తీసుకున్నాయి. వాటి స్థానంలో వచ్చిన ఆర్-134ఎ, ఆర్-23 ఓజోను జోలికి పోవు. కాని నూరేళ్ళ లెక్కన ఒక కిలో ఆర్-23 భూమిని వేడెక్కించడంలో 14,000 కిలోలకు పైబడిన బొగ్గుపులుసు వాయువుతో సమానం. వీటిని తగ్గించుకోవాలని 2016లో కిగాలిలో మరొక ఒప్పందం జరిగింది.

చివరికి లోకం తిరిగి బయలుదేరిన చోటికే వస్తున్నది. నేటి కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉన్నది ఐసోబ్యూటేను. సున్నకు దిగువన 80 డిగ్రీలలో టీకాలను, రక్తపు నమూనాలను దాచే ప్రయోగశాలల పెట్టెలలో ఇప్పుడు తరచు కనబడే జంట ప్రొపేను, ఈథేను. అన్నీ మండేవే. కాకపోతే కొలిచి, కొద్దిగా, అతుకులు పరీక్షించి నింపుతారు.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. "అంటే మొదటి కంప్రెసరులో ప్రొపేను, రెండోదాంట్లో ఎథిలీను, అంతేగా?" అన్నాడు. శాస్త్రప్రకారం తప్పు లేదు. మండని ఆర్-23 నింపితే మనకు క్షేమం, కారితే ఆ కీడు ముక్కూమొహం తెలియని వాళ్ళకు. ప్రొపేను, ఎథిలీను నింపితే లోకానికి క్షేమం, కారితే కీడు మన వసారాకు. ధర్మం రెండవ వైపే ఉన్నదని అతని వాదన. మన అపాయాన్ని మనమే మోయాలి గదా అన్నాడు.

కాని ఆ వసారా పక్క గోడకు అవతల వాళ్ళ వంటిల్లు. ఇటు పిన్ని వత్తి వెలిగించే దేవుడి గూడు. శుద్ధమైన ప్రొపేనుకు వంటగ్యాసుకు కలిపే దుర్వాసన ఉండదు. ఎథిలీనుకు ఉన్నది లీలగా ఒక తీపి వాసన. మామిడిపండ్ల ఇంట్లో దానిని ఎవరు గుర్తుపడతారు? తాతయ్య మాట నాకు అప్పుడు అర్థమైంది. ప్రమాదం లేని వాయువు ఏదీ లేదు. అందుకని ఆయన తూచినది వాయువు మంచిచెడ్డలను కాదు, అది ముందుగా చెబుతుందా, చెప్పినప్పుడు వినడానికి మనిషి ఉన్నాడా అన్నదానిని. "నీ అపాయం నువ్వు మోస్తావు సరే, గోడ అవతలివాళ్ళను అడిగావా?" అన్నాను. తమ్ముడు మాట్లాడలేదు. పాత కంప్రెసర్లను మర్నాడు గొడ్లసావిట్లోకి మోయించాడు.

చివరికి బెజవాడ నుంచి పొడిమంచు తెప్పించాము. బొగ్గుపులుసు వాయువును గడ్డకట్టించిన దిమ్మ అది. సున్నకు దిగువన 78 డిగ్రీల చలి దానిలోనే ఉంటుంది. కంప్రెసరు అక్కరలేదు, అంటుకోదు. ఊపిరి ఆడకుండా చేయగలదు గనుక తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, వసారాలో పళ్ళేల మీద గుజ్జు పలుచగా పరచి గడ్డకట్టించాము. ఆ రేకులను ఇంటి ఫ్రీజరులోనే దాచాము.

సంక్రాంతి నాడు తీసి తిన్నాము. రంగు కొంచెం తగ్గింది. వాసన సగమే నిలిచింది. పిన్ని మాత్రం నోట పెట్టుకుని, "జ్యేష్ఠమాసంలో ఉన్నట్టుందిరా" అన్నది. తమ్ముడు గర్వపడ్డాడు. నేను గోడ అవతలివాళ్ళకు ఒక గిన్నె ఇచ్చి వచ్చాను.