బోర్డులన్నీ చదివేస్తాడు

మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు ఇంకా కదల్లేదు. కిటికీ పక్క సీటు మా మనవడిది. వాడికి నాలుగేళ్ళు. బయట టమోటా బాక్సుల లారీ ఒకటి ఆగి ఉంది. ప్రతి బాక్సు మీదా మండీ పేరు పెయింటుతో రాసుంది. వాడు ఒక్కో బాక్సే చదువుతున్నాడు. అన్నిటి మీదా ఉన్నది ఒకటే పేరు, అయినా వదలడు. లారీ వెళ్ళిపోయాక బస్సులోకి తిరిగాడు. పొగ తాగరాదనే బోర్డు, స్త్రీలకు కేటాయించిన సీట్ల బోర్డు, సీటు వెనక ఎవరో పెన్నుతో గీకిన ప్రేమికుల పేర్లు, అన్నీ అయ్యాయి. ఒత్తు జారదు, దీర్ఘం తప్పదు.

ముందు సీటులో ఆమె వెనక్కి తిరిగింది. "ఎంత తెలివమ్మా వీడికి! నీ పేరేంది నాయనా?"

"నీ పేరేంది నాయనా," అన్నాడు వాడు, అచ్చం ఆమె రాగంలోనే.

ఆమె పకపకా నవ్వింది. మా అమ్మాయి నవ్వలేదు. కండక్టరు వచ్చి అమ్మాయికి స్త్రీలకిచ్చే సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. వాడు అది లాక్కుని కింది నుంచి పైదాకా అంకెలన్నీ చదివాడు. కాసేపటికి, "నీళ్ళు కావాలా?" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. అంటే వాడికి దప్పికేస్తోందని. మేం వాణ్ణి అడిగే మాటే వాడు మాకు తిరిగి అప్పజెబుతాడు. అమ్మాయి సీసా మూత తీసింది.

నేను బడిపంతులుగా రిటైరైనవాణ్ణి. ఒకటో తరగతికి అఆలు దిద్దించడంలోనే సగం జీవితం గడిచింది. అలాంటిది దిద్దించేవాళ్ళు లేకుండానే అక్షరాలు పట్టేసిన పిల్లవాడు ఇంట్లో పుడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అమెరికాలో సిల్బర్‌బర్గ్ దంపతులు 1967లో దీనికి హైపర్‌లెక్సియా అని పేరు పెట్టారు. చదవడం వయసుకు మించి పరిగెడుతుంది, అర్థం వెనకబడిపోతుంది. డెరాల్డ్ ట్రెఫర్ట్ అనే మనోవైద్యుడు ఇలాంటి పిల్లల్ని మూడు రకాలుగా చూశాడు. కొందరు ఏ ఇబ్బందీ లేకుండా ముందుగా చదివేవాళ్ళు. కొందరికి హైపర్‌లెక్సియాతో పాటు ఆటిజం ఉంటుంది. ఇంకొందరిలో ఆటిజంలాంటి లక్షణాలు కనిపించి, వయసుతో తగ్గిపోతాయి. మావాడు ఎందులో వస్తాడో తెలుసుకోవడానికే ఈ ప్రయాణం. అల్లుడి ఉద్యోగం కుప్పంలో. అక్కడ డాక్టరు దగ్గర టైము తీసుకుని పెట్టాడు.

మన లిపితో ఒక చిక్కుంది. తెలుగులో రాసినట్టే చదువుతాం. గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే చాలు, అర్థం ముక్క తెలియకపోయినా పంచాంగం కూడా గడగడా చదివేయొచ్చు. కాబట్టి వినేవాళ్ళకు అనుమానం రాదు. మొన్న ఒక కాగితం మీద "కుడిచేత్తో ముక్కు పట్టుకో" అని రాసిచ్చాను. స్పష్టంగా చదివి కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు. చెయ్యి లేవలేదు.

పుంగనూరులో దిగి వియ్యాలవారింటికి వెళ్ళాం. పెరట్లో పుంగనూరు ఆవు కట్టేసి ఉంది, మూడడుగుల ఎత్తు కూడా ఉండదు. ఏ పిల్లాడైనా పరిగెత్తుకుపోయి మెడ పట్టుకుంటాడు. మావాడూ పరిగెత్తాడు, కానీ ఆవు దగ్గరికి కాదు, దాని చెవికున్న పసుపురంగు ప్లాస్టిక్ బిళ్ళ దగ్గరికి. దాని మీది పన్నెండు అంకెలూ చదివాడు. ఆవు తల విదిలిస్తే విసుక్కున్నాడు. బిళ్ళ కదలకుండా చెవి పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఆవు నాలుక చాపి వాడి మోచెయ్యి నాకింది. దాని మొహం వంకైనా చూడలేదు.

లోపల పేపరు సిద్ధంగా ఉంది. వీధిలోవాళ్ళు నలుగురు చేరారు. వాడు హెడ్డింగులు చదివాడు, ధరల పట్టిక చదివాడు, చావు ప్రకటన కూడా అదే గొంతుతో చదివాడు. చప్పట్లు. వియ్యపురాలు నా వైపు తిరిగింది. "చూడన్నయ్యా, చదివే పిల్లోడికి జబ్బేంది? మా ఇంటాయన కూడా ఐదేండ్లకు గానీ మాట్లాడలేదంట. ఆస్పత్రులకు తిప్పి పిల్లోణ్ణి బెదరగొడతా ఉండారు." ఆమె మనసులో చెడు లేదు. మనవడి మీద ప్రేమతో అన్న మాటే. అయినా చెప్పక తప్పదు, ఈ చప్పట్లే చాలామంది పిల్లల్ని డాక్టరు దాకా పోనివ్వవు.

మళ్ళీ బస్టాండు. ప్రైవేటు బస్సు ఒకటి మా పక్కనే ఎయిర్ హారన్ కొట్టింది. వాడు నేలమీద పడిపోయాడు. అరుపు, కాళ్ళు తన్నుకోవడం, తలను నేలకేసి కొట్టుకోవడం. చుట్టూ జనం. "రెండు తగిలియ్యమ్మా, ఊరుకుంటాడు." "సెల్లు చేతికియ్యండి." అమ్మాయి ఎవరికీ జవాబు చెప్పలేదు. ఒక చెయ్యి వాడి తల కింద పెట్టి, రెండో చేత్తో సంచిలోంచి చిన్న నోటుబుక్కు, స్కెచ్ పెన్ను తీసింది. పెద్ద అక్షరాలతో రాసింది:

హారన్ మోగింది.
చెవులు మూసుకో.
తరువాత పలమనేరు బస్సు.

కాగితం వాడి కళ్ళ ముందు పట్టుకుంది. ఒక్క మాటా మాట్లాడలేదు. అరుపు మధ్యలోనే వాడి చూపు అక్షరాల మీద పడింది. వెక్కుతూనే చదివాడు. రెండో వరుస దగ్గర అమ్మాయి తన చెవులు మూసుకుని చూపించింది. వాడూ మూసుకున్నాడు. మూడో వరుస పదేపదే చదువుకుంటూ లేచి నిలబడ్డాడు. ప్రతిసారీ ఇలా జరగదు. ఒక్కోసారి కాగితం చింపేస్తాడు. కానీ మాట చెవికెక్కని వేళ రాత కంటికెక్కుతుందని ఆమె కనిపెట్టింది.

ఇలా కాగితంతో నేర్పడం మా వైపు కొత్తేం కాదు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వాళ్ళు పల్లె బళ్ళలో పిల్లలకు కార్డులతోనే పాఠాలు చెప్పే పద్ధతి తెచ్చారు. ఏ పిల్లాడు ఏ మెట్టు మీద ఉంటే అక్కణ్ణుంచే సాగుతాడు. మా పిల్ల ఆ పద్ధతి చదువుకోలేదు. అవసరం నేర్పింది.

పలమనేరులో బస్సు మారాం. వి.కోట దాటి శాంతిపురం మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కదా, బస్టాండులో తమిళ బోర్డులు, కన్నడ బోర్డులు. వాడికి పండగ. కన్నడ అక్షరాలు మనవాటికి దగ్గరే కాబట్టి సగానికి పైగా పట్టేశాడు.

డాక్టరు ముందు చెవుల పరీక్ష రిపోర్టు చూశాడు. వినికిడి బాగానే ఉంది. తర్వాత నేలమీద కూర్చుని బొమ్మ కారు దొర్లించాడు. పేరు పెట్టి పిలిచాడు, వాడు తిరగలేదు. ఫ్యాను వైపు వేలు చూపించాడు, వాడు వేలి వైపే చూశాడు. కారు తిరగేసి కింద ఉన్న "మేడ్ ఇన్ చైనా" మాత్రం చదివాడు.

ఆ తర్వాత ఒక ఫారం తీశారు. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ 2009లో తయారు చేసిన ఆటిజం కొలమానం. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం కింద లెక్క. కళ్ళలోకి చూస్తాడా, నవ్వితే నవ్వుతాడా, అన్న మాటే తిరిగి అంటాడా, 'నేను' అనాల్సిన చోట 'నువ్వు' అంటాడా. అమ్మాయి నెమ్మదిగా జవాబులు చెబుతోంది. చివర్లో అసాధారణ జ్ఞాపకశక్తి, ప్రత్యేక ప్రతిభ గురించి కూడా ఉంది. పొద్దున చప్పట్లు కొట్టించిన విద్యకూ అందులో మార్కులు పడ్డాయి.

"ఆటిజం కావచ్చు అని రాస్తున్నా. ఇంకోసారి చూడకుండా ఖాయంగా చెప్పను," అన్నాడు డాక్టరు. "కానీ స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మొదలుపెట్టడానికి అది ఖాయం కానక్కర్లేదు. వాడు చదవడం మాన్పించొద్దు. ఆ చదువుతోనే మాట నేర్పుదాం."

అని ఊరుకోలేదు. "బంతి ఇవ్వు" అని రాసి, కాగితం వాడి ముందుంచి, అరచెయ్యి చాపాడు. వాడు చదివాడు. అమ్మాయి వాడి చెయ్యి పట్టుకుని బంతి డాక్టరు చేతిలో పెట్టించింది. మళ్ళీ మళ్ళీ అదే. ఆఖర్న ఆమె చెయ్యి వెనక్కి తీసేసింది. వాడు కాగితం చూశాడు, బంతి చూశాడు, తీసి ఇచ్చేశాడు.

అప్పుడు అమ్మాయి అసలు బాధ బయటపెట్టింది. వాడు ప్లేస్కూలుకు వెళ్ళిన బడి వాళ్ళు వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కించి పేపరు చదివించారు. ఎల్‌కేజీలో చేర్చుకోమంటే మాత్రం, "మా వల్ల కాదమ్మా, స్పెషల్ స్కూలు చూసుకోండి" అన్నారు.

చదివే పిల్లాణ్ణి చూసి మురిసిపోతున్న తల్లిదండ్రులకు నా మనవి రెండు ముక్కలు. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడో లేదో చూడండి, చదివినదాన్ని చేస్తున్నాడో లేదో చూడండి. అనుమానముంటే ఆగకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లలకు ఈ పరీక్షలు ఉచితం, అంగన్‌వాడీలో అడగొచ్చు. ఇక బడి సంగతంటారా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం పేరు చెప్పి సీటు లేదనడానికి ఆ చట్టం ఒప్పుకోదు.