చట్టసభల ఉత్సవ సమావేశాలు: నాంపల్లి చరిత్ర

దేశమో రాష్ట్రమో అవతరించిన రోజును స్మరించుకోవడానికి చట్టసభ ప్రత్యేకంగా కొలువుతీరడమే ఉత్సవ సమావేశం. స్వతంత్ర భారతంలో ఈ సంప్రదాయం 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి మొదలైంది. రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన కూర్చున్న రాజ్యాంగ సభలో నెహ్రూ ప్రతిజ్ఞను ప్రతిపాదించగా ఖలీకుజ్జమాన్ బలపరిచారు. భారత మహిళల తరఫున హంసా మెహతా జాతీయ పతాకాన్ని సభకు సమర్పించారు. హైదరాబాద్‌కు ఆ రాత్రి ఆ సభలో ప్రతినిధులు లేరు. నిజాం సంస్థానం 1948 సెప్టెంబరు 17 తర్వాతే భారత యూనియన్‌లో కలిసింది. కాబట్టి ఇక్కడ ఏ రోజును పండుగ చేసుకోవాలి, దాన్ని ఏ పేరుతో పిలవాలి అన్నదే తెగని వాదం. వాదం ఉన్నచోట వేడుకకు తగిన స్థలం మైదానం కాదు, శాసనసభ. నాంపల్లి చరిత్ర ఈ మాటకు బలమిస్తుంది.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని ప్రధాన కట్టడాలు కొన్ని రాజోత్సవాలతో ముడిపడినవే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా తలపెట్టిన టౌన్‌హాల్ 1913లో పూర్తయింది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పాలనా రజతోత్సవం 1937లో జూబిలీ హాల్‌లో జరిగింది. ఆ వేడుకల్లో ప్రజలది చూసే పాత్ర మాత్రమే. 1952లో ఎన్నికైన హైదరాబాద్ శాసనసభ అదే టౌన్‌హాల్‌లో కొలువుతీరింది. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి, కాశీనాథరావు వైద్య స్పీకర్. 1955 చివర తెలుగు ప్రాంతాలను ఒకే రాష్ట్రంగా కలిపే విశాలాంధ్రపై చర్చ జరిగినప్పుడు అభిప్రాయం చెప్పిన 147 మందిలో 103 మంది అనుకూలంగా, 29 మంది వ్యతిరేకంగా మాట్లాడారని, 15 మంది తటస్థంగా ఉన్నారని లెక్క తేలింది. ఓడిన పక్షం మాట కూడా చరిత్రలో మిగిలిందంటే అది సభలో పలికిన మాట కావడం వల్లనే.

తర్వాతి కాలపు వేడుకలు ఎక్కువగా సభ గోడల బయటే జరిగాయి. తెలంగాణ 2014 జూన్ 2న అవతరించింది. ఏటా ఆ రోజు నాయకులు శాసనసభ ఎదుటి గన్‌పార్కులో 1969 ఉద్యమ అమరుల స్తూపానికి నివాళి అర్పించి పతాకావిష్కరణకు వెళ్తారు. 2019లోనూ 2022లోనూ ఆ వేదిక పబ్లిక్ గార్డెన్సే. 2022 సెప్టెంబరు 17న విభేదం నగరమంతటికీ కనిపించింది. పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవం జరిపితే, సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం విమోచన దినోత్సవం జరిపింది. 2024లో కొత్త ప్రభుత్వం అదే రోజును ప్రజాపాలన దినోత్సవం అంది. మైదానంలో ఎవరి జెండా కింద వారే మాట్లాడతారు. జవాబు చెప్పే అవకాశం అవతలివారికి ఉండదు.

సభ ఉన్నది చట్టాలు చేయడానికి, ఉత్సవాలకు కాదన్న అభ్యంతరం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఉపన్యాసాలతో ముగిసే సమావేశానికి అది సరిగ్గా వర్తిస్తుంది. అయితే 1997 స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల్లో పార్లమెంటు అర్ధరాత్రి వేడుకతో ఆగలేదు. ఆగస్టు 26 నుంచి సెప్టెంబరు 1 వరకు ప్రత్యేకంగా సమావేశమై, రాజకీయాల్లో నేరస్థుల ప్రవేశం వంటి సమస్యలను చర్చించి ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఆ తీర్మానం పూర్తిగా అమలు కాలేదు కదా అంటే, నిజమే. కానీ అమలు కాలేదని ఈనాడు నిలదీయగలగడానికి ఆధారం ఆ తీర్మానమే. సామాన్యులు సభలోకి రాలేరు, మైదానానికి రాగలరు అన్నది మరింత బరువైన అభ్యంతరం. అందుకే జెండా పండుగను మైదానం నుంచి తీసేయమనడం న్యాయం కాదు. దానితోపాటు సభ కూడా కూర్చోవాలి.

ఇందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు. 174వ అధికరణం కింద మంత్రిమండలి సలహాపై గవర్నర్ సభను ఎప్పుడైనా పిలవవచ్చు. విమోచన అనేవారు, సమైక్యత అనేవారు, తెలంగాణ సాయుధ పోరాట వారసులమనేవారు ఒకే కప్పు కింద సమాన సమయంతో మాట్లాడి, ఆ మాటలు సభా కార్యకలాపాల్లో చేరినప్పుడే సెప్టెంబరు 17 ఏ ఒక్క పార్టీ సొత్తూ కాకుండా అందరి రోజు అవుతుంది.