జవాను దశమభాగం: వింజమూరు మెట్టలో సైనిక జీతం, సంఘ కానుక

ఆదివారం ఆరాధనలో సంఘ కార్యదర్శి కానుకల పట్టీ చదువుతుంటే ఊళ్లో లేని మనిషి పేరొకటి వినిపిస్తుంది. కవరు మీదున్నది సరిహద్దులో కాపలా కాస్తున్న కొడుకు పేరు. దాన్ని కానుకల సంచిలో వేసింది చాప మీద కూర్చున్న తల్లి. జవాను పేరిట వచ్చే ఆ దశమభాగం నిజానికి ఇంటిల్లిపాది కానుక. సంఘం పుస్తకాలు ఆ సంగతిని గుర్తించకపోతే అసలు దాతలు కనబడకుండా పోతారని ఈ వ్యాసం వాదన.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో స్థిరపడి, 1866లో ఒంగోలుకు, 1885లో ఉదయగిరికి, 1893లో ఆత్మకూరుకు చేరింది. వింజమూరు ఈ చివరి రెండింటి నడుమ ఉన్న మెట్టప్రాంతం. మిషన్ పల్లెల్లో క్రైస్తవులైనవాళ్లలో మాదిగలు ఎక్కువ. కపిల బావికి తోలుసామానూ రైతుకు చెప్పులూ కుట్టి ఇచ్చినందుకు కళ్లం దగ్గర కొలిచే మేర గింజలే వాళ్ల రాబడి. బోధకుడికి పెట్టే కూడూ అందులోంచే వచ్చేది. డబ్బుకూ విశ్వాసానికీ ముడిపడితే ఏమవుతుందన్న భయం మిషనరీలకు తొలినుంచీ ఉంది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

గింజల మీద బతికిన ఇంట్లోకి నెలనెలా రూకలు తెచ్చిన కొలువుల్లో పటాలం ఒకటి. పాత మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు బాగానే ఉండేవారు. 1880ల్లో జనరల్ రాబర్ట్స్ వంటివారు దక్షిణాది జనం యుద్ధానికి పనికిరారని ముద్రవేశాక ఆ దారి ఇరుకైంది. ప్రపంచయుద్ధాలు దాన్ని మళ్లీ తెరిచాయి. వానను నమ్ముకున్న మెట్ట ఇంటికి పటాలం జీతం కరువులోనూ ఆగని రాబడి. అందుకే సంఘం కూడా ఆ జీతం వైపు చూస్తుంది. ఆ చూపులో తప్పులేదు గానీ ఎంత అడగాలి, ఎవరిని అడగాలి అన్నవి ఆలోచించాల్సిన సంగతులు.

బైబిలులో దశమభాగం ప్రస్తావన మొట్టమొదట వచ్చేది యుద్ధం నుంచి తిరిగొస్తున్న మనిషి దగ్గరే. రాజుల్ని ఓడించి లోతును విడిపించుకొచ్చిన అబ్రాహాము యాజకుడైన మెల్కీసెదెకుకు పదోవంతు ఇచ్చాడు (ఆదికాండము 14). సంఖ్యాకాండము 31 ఇంకా సూక్ష్మంగా లెక్క కట్టింది. మిద్యానీయుల కొల్లసొమ్మును యుద్ధానికి వెళ్లినవాళ్లకూ సమాజానికీ చెరిసగం పంచి, సమాజం వాటాలో యాభైకి ఒకటి, యోధుల వాటాలో అయిదువందలకు ఒకటి మాత్రమే పక్కన పెట్టమంది. ప్రాణం పణంగా పెట్టినవాడి మీద భారం పదోవంతే! ఆ తర్వాత తమ మనుషుల్లో ఒక్కడూ తగ్గలేదని లెక్క చూసుకున్న సేనాధిపతులు తమంతట తాము బంగారం తెచ్చి ఇచ్చారు. సియాచిన్ నుంచి క్షేమంగా సెలవుకొచ్చిన కొడుకు పేరిట కృతజ్ఞతార్పణ ఇచ్చే తల్లి ఆ వరుసలోనే నిలబడుతుంది.

మొదటి సమూయేలు 30లోని ఘట్టం నా వాదనకు మరీ దగ్గరిది. దావీదు దండులో అలసిపోయి బెసోరు వాగు దగ్గర సామాను కాచిన రెండువందల మందికి కొల్లసొమ్ములో వాటా ఎందుకని కొందరు గొడవపడ్డారు. యుద్ధానికి పోయినవాడికీ సామాను కాచినవాడికీ సమభాగమేనని దావీదు తీర్పిచ్చాడు, దాన్ని కట్టడగా నిలిపాడు. వింజమూరు పల్లెలో సామాను కాచేది ఎవరు? గొడ్డుగోదను, అత్తమామల్ని, పిల్లల చదువును చూసుకునే భార్య, లేదా కూలికిపోయే తల్లి. పౌలు కూడా బోధకుణ్ణి పోషించాలని వాదిస్తూ సైనికుడి జీతాన్నే ఉదాహరణగా తెచ్చాడు (మొదటి కొరింథీయులకు 9). సొంత ఖర్చుతో కొలువు చేసే సిపాయి లేడన్నది ఆయన మాట సారాంశం. సంఘం ఆ మాటను జవాను దగ్గర వసూలుకు వాడుకుంటూ, దాని వెనకున్న న్యాయాన్ని జవాను ఇంటికి వర్తింపజేయకపోతే ఎలా?

2022లో వచ్చిన నాలుగేళ్ల సైనిక కొలువు పథకం అగ్నిపథ్‌తో ఈ చర్చ అంకెల్లోకి దిగింది. అగ్నివీరుడి జీతం మొదటి ఏడాది నెలకు రూ.30,000. అందులో 30 శాతం, అంటే రూ.9,000, కొలువు చివర చేతికిచ్చే సేవానిధికి పోగా చేతికొచ్చేది రూ.21,000. పదోవంతు మొత్తం జీతం మీదైతే రూ.3,000, చేతికొచ్చిన దాని మీదైతే రూ.2,100. తొమ్మిది వందల తేడా కూలి ఇంటికి చిన్నది కాదు. నాలుగేళ్లకు అతని వాటా సుమారు రూ.5.02 లక్షలు, ప్రభుత్వం వాటా అంతే, వడ్డీతో కలిపి రూ.11.71 లక్షలు చేతికొస్తాయి. నూటికి పాతికమందికి మించి కొలువులో కొనసాగరు, మిగిలినవాళ్లకు పింఛను లేదు. మొత్తం జీతం మీద నెలనెలా ఇచ్చుకుంటూ వచ్చిన కుర్రాణ్ణి సేవానిధి మొత్తంలో మళ్లీ పదోవంతు అడిగితే, తన అయిదు లక్షల మీద రెండుసార్లు అడిగినట్టే. ఇది అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం. ఆ సొమ్ము అతనికి ముందున్న బతుక్కి పెట్టుబడి. చేతికొచ్చిన జీతం మీదే ఇచ్చినవాడి సంగతి వేరు. అదీ వడ్డీని, ప్రభుత్వ వాటాను విడదీసి అతనే తేల్చుకోవాలి.

రెండు సంఘాల చిక్కు ఇంకొకటి. క్యాంటోన్మెంటులో పాద్రీ దగ్గర ఆరాధనకు వెళ్లేవాడు అక్కడా కానుక వేస్తాడు. ఇంటి సంఘం దాన్ని లెక్కలోకి తీసుకోకుండా పదోవంతు పూర్తిగా ఇక్కడికే రావాలంటే ఆ ఒత్తిడి అతని మీద పడదు, ఫోనులో డబ్బు అందుకునే భార్య మీద పడుతుంది.

అసలు దాతలు కనబడకుండా పోవడం కోతపండుగ వేలంపాటలో కళ్లకు కడుతుంది. ఎవరో అర్పించిన గుమ్మడికాయను పాటకు పెడతారు. సెలవు మీదొచ్చిన జవాను పాట పెంచుతాడు, గెలిచి అదే కాయను మళ్లీ సంఘానికే ఇచ్చేస్తాడు, మళ్లీ పాట. అందరికీ సంబరమే. కానీ ఆ కాయను పెరట్లో పండించి, తలమీద పెట్టుకుని తెచ్చినామె పేరు పుస్తకంలో ఎక్కదు. పాట పాడినవాడి పేరు, మొత్తం ఎక్కుతాయి. కానుకల పుస్తకంలో జవాను పేరు పక్కన తెచ్చి ఇచ్చినవారి పేరుకు ఒక గడి, వేలం పట్టీలో వస్తువు అర్పించినవారికి ఒక గడి చేర్చడానికి సంఘ కమిటీ తీర్మానం చాలు. మొత్తాలు పైకి చదవడం మానేస్తే, నాలుగు రూకలు వేసే కూలీ తల్లులు తలదించుకోవాల్సిన అవసరమూ తప్పుతుంది.