రేకు కాలకుండా అతకాలంటే

సింప్సన్ కంపెనీ 1840లో మద్రాసులో గుర్రపు బండ్లు కట్టడంతో మొదలైంది. 1903లో అక్కడే శామ్యూల్ జాన్ గ్రీన్ ఆవిరి కారు తయారుచేశాడు. ఆ రోజుల్లో బాడీ పనంటే సగం వడ్రంగమే: కర్ర చట్రం, పైన రేకు. దాదాపు అదే సమయంలో ఫ్రాన్సులో ఆక్సిజన్-ఎసిటిలీన్ టార్చి వచ్చింది. తర్వాత దశాబ్దాల పాటు టింకరింగ్ షెడ్లలో గ్యాసు వెల్డింగుదే రాజ్యం. ఆ మంటతో చిక్కేమిటంటే, అతుకు పడేలోపు చుట్టూ రేకంతా వేడెక్కి వంకరపోతుంది. దాన్ని సుత్తితో సరిచేసి, మిగిలిన లోపం పుట్టీ కింద దాచేవారు. కడ్డీతో ఆర్క్ వెల్డింగు చేయబోతే పల్చటి రేకుకు బొక్కే పడేది.

1955 అక్టోబరు 2న మద్రాసులోని పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమైంది. స్విట్జర్లాండుకు చెందిన ష్లీరెన్ సంస్థ సాంకేతిక సాయంతో పెట్టెను మొత్తం ఉక్కుతో, వెల్డింగుతో కట్టారు. ఈ నగరానికి వెల్డింగు సత్తా తెలిసింది అక్కడే అని నా అభిప్రాయం.

అప్పటికే అమెరికాలో 1948లో బాటెల్ సంస్థ, జడ వాయువు చాటున తీగను తనంతట తానే ముందుకు నెట్టే పద్ధతిని రూపొందించింది. అది దళసరి అల్యూమినియానికి. 1950లలో చవకైన కార్బన్ డయాక్సైడు వచ్చి ఉక్కుకు దారి వేసింది. మన షెడ్లలో ఇప్పటికీ దాన్ని సీఓటూ వెల్డింగనే అంటారు. ఆ దశాబ్దం చివర వచ్చిన మార్పే అసలైనది. సన్నటి తీగ రేకును తాకి, షార్టయి, కొసన కరిగి, తెగుతుంది. సెకనుకు పదుల సార్లు. రేకుకు అందే వేడి చాలా తక్కువ. 1998లో మద్రాసు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ కార్ల తయారీ మొదలైంది. తర్వాతి తరం బాడీల్లో ఎక్కువ బలమున్న ఉక్కు పెరిగింది. గ్యాసు మంట తగిలితే ఆ బలం పోతుంది, కాబట్టి తక్కువ వేడి పద్ధతే కావాలి.

ఈ చరిత్రంతా వేడిని తగ్గించుకుంటూ వచ్చిన చరిత్రే. అందుకే ఇంటికి ఇలా తీగను నెట్టే మెషిన్ కొనేవాళ్లు 200 ఆంపులా, 250 ఆంపులా అని కాక, ఎంత కిందికి దిగుతుందని అడగాలి. 0.8 మిల్లీమీటర్ల రేకుకు 30, 40 ఆంపుల దగ్గర నిలకడగా మండాలి, తీగ 0.6 లేదా 0.8 మిల్లీమీటర్లు చాలు. గ్యాసు అక్కర్లేని ఫ్లక్స్ తీగ, సముద్రపు గాలి వీచే మేడమీద గేటు అతకడానికి బాగుంటుంది. డోరు రేకుకు మాత్రం గ్యాసు చాటున వెళ్లే తీగే మేలు. 60 శాతం డ్యూటీ సైకిలంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాల పని. ఆ లెక్క సాధారణంగా 40 డిగ్రీల ఎండకు కడతారు. మే నెల మద్రాసులో అది కూడా దాటుతుంది కాబట్టి మెషిన్‌కు విరామం ఇవ్వాలి.

2015 డిసెంబరు మద్రాసు వరదల్లో ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. అలా తుప్పు పట్టిన ఫ్లోరుకు ఏ మెషినూ అతుకు వేయలేదు. గట్టి రేకు తగిలేదాకా కోసి, బ్యాటరీ విప్పి, చోటు మార్చి మార్చి చుక్కలు పెట్టుకుంటూ పోవాలి.