ఒక్క రాత్రి ఇల్లు లేని ఊరు

అమెరికాలో విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌లో అద్దె సంవత్సరం ఆగస్టు 15న మొదలవుతుంది. మన జెండా పండక్కీ దీనికీ సంబంధం లేదు. సెప్టెంబరులో యూనివర్సిటీ క్లాసులు మొదలవుతాయి కదా, అందుకని. క్యాంపస్ చుట్టుపక్కల చాలా లీజులు 14వ తేదీ మధ్యాహ్నానికి ముగుస్తాయి, కొత్తవి 15 మధ్యాహ్నానికి మొదలవుతాయి. మధ్యలో ఒక రాత్రి మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు.

నా మొదటి ఆగస్టులో ఆ రాత్రి ఒక స్నేహితుడి హాల్లో పడుకున్నాను. కుక్కరు, మానిటరు, దేవుడి పటాలు కార్లోనే ఉన్నాయి. వీధుల్లో సోఫాలు, పరుపులు, బల్లలు గుట్టలుగా వదిలేశారు. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుపోవచ్చు. దీన్ని ఇక్కడ హిప్పీ క్రిస్మస్ అంటారు. ఇది టైపు చేస్తున్న బల్ల అప్పుడు దొరికిందే.

ఒక్క రాత్రికే అంత దిగులుపడ్డాను. తర్వాత ఈ ఊరి చరిత్ర చదివితే, ఇక్కడ ఇల్లు ఖాళీ చేయించడం ఊరికంటే ముందే మొదలైందని తెలిసింది.

మెండోటా, మొనోనా అనే రెండు సరస్సుల మధ్య సన్నటి నేలపట్టీ మీద ఉంటుంది మాడిసన్ నడిబొడ్డు. ఈ ప్రాంతాన్ని హోచంక్ ప్రజలు డెజోప్ అంటారు, నాలుగు సరస్సులని అర్థం. పక్షుల, జంతువుల ఆకారంలో వాళ్ళ పూర్వీకులు పోసిన మట్టిదిబ్బలు, సుమారు వెయ్యేళ్ళ నాటివి, క్యాంపస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. 1832 ఒప్పందంతో ఈ నేల వాళ్ళ చేయి జారింది. ఆ తర్వాత సైన్యం వాళ్ళను పదే పదే పడమటికి తరిమింది. చాలామంది పదే పదే తిరిగి వచ్చేశారు. ఈ సంగతి చెప్పే ఫలకం యూనివర్సిటీలో 2019లో గానీ పెట్టలేదు.

ఒప్పందమైన నాలుగేళ్ళకే, 1836లో, జేమ్స్ డోటీ అనే ఆయన ఇక్కడ భూమి కొని, కాగితం మీద ఊరు గీసి, అదే రాజధాని కావాలని శాసనసభ్యుల్ని ఒప్పించాడు. వాళ్ళకి స్థలాలిచ్చాడనీ, చలికి వణుకుతున్నవాళ్ళకి బఫెలో తోలు దుప్పట్లు పంచాడనీ చెప్పుకుంటారు. మన రియల్ ఎస్టేటు వెంచర్లు చూసినవాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదు. వీధులకు అమెరికా రాజ్యాంగం మీద సంతకాలు చేసినవాళ్ళ పేర్లు పెట్టారు. నా మొదటి అడ్రసులో ఉన్నదీ వాళ్ళలో ఒకరి పేరే.

రెండో కథ ఇంకా దగ్గరిది. ఊళ్ళో గ్రీన్‌బుష్ అనే పేట ఉండేది. బురద నేల కాబట్టి చవక. సిసిలీ నుంచి వచ్చిన ఇటాలియన్లు, తూర్పు యూరప్ యూదులు, నల్లజాతి కుటుంబాలు పక్కపక్కనే బతికారు. 1960ల మొదట్లో పట్టణ పునరుద్ధరణ పేరుతో అందులో పెద్ద భాగాన్ని నేలమట్టం చేశారు. తెల్లవాళ్ళు ఎలాగో వేరేచోట సర్దుకున్నారు. నల్లవాళ్ళకు మాత్రం డబ్బు చేతిలో ఉన్నా ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కరువయ్యారు. ఆ గొడవల మధ్యే 1963లో, ఇళ్ళ విషయంలో వివక్ష చూపకూడదని నగరం చట్టం చేసింది. దేశమంతటికీ అలాంటి చట్టం రావడానికి 1968 దాకా పట్టింది.

కొత్త దేశంలో, నా రంగుతో, నా పేరుతో ఫోన్ చేసి ఇల్లు అడిగినప్పుడు, అవతలివాళ్ళు నా జీతం, క్రెడిట్ స్కోరు మాత్రమే అడిగారు. అప్పట్లో అది నాకు మామూలు విషయంగా తోచింది. ఆ మామూలుతనం కోసం ఈ ఊళ్ళో ఎవరెవరు కొట్లాడాల్సి వచ్చిందో ఇప్పుడు తెలుసు. వాళ్ళలో చాలామందికి పాత పేట తిరిగి రాలేదు.

ఆ ఏడాది 15వ తేదీ మధ్యాహ్నం తాళంచెవి చేతికొచ్చింది. అమ్మ ఫోన్లో చెబుతుంటే పొయ్యి మీద పాలు పొంగించాను. పొంగిన పాలు పొయ్యంతా కారితే తుడుచుకోవడానికి గుడ్డ కూడా లేదు, సామానంతా ఇంకా కార్లోనే ఉంది. కిటికీలోంచి మొనోనా సరస్సు కొద్దిగా కనిపించేది. ఏడాది ఉందామని వెళ్ళిన ఇల్లు. నాలుగేళ్ళయింది. గ్రీన్‌బుష్ ఉన్నచోటు మీదుగానే రోజూ బస్సులో వెళతాను.